మూడు నేలల కొమ్ము

శిలావతీ రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో, ఆకాశానికి గడియ వేసినట్టు ఎదురెదురుగా నిలిచిన రెండు నల్లకొండల నడుమ రాతివాకిలి ఉంది. దాన్ని ఏ కాలంలో ఏ శిల్పి నిలబెట్టాడో చెప్పగలిగినవాడు లేడు. తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలిపినా దాని శిఖరం అందదు. తొలి కిరణాలు స్తంభాల్లోని అభ్రకపు పొరలకు సోకగానే వాకిలంతా బంగారునీరు పోసినట్టు మెరిసింది. ఆ మెరుపు మెల్లగా కిందికి దిగి, వాకిలి లోపలి పచ్చని కోన మీద పరుచుకుంది. అప్పుడు కనిపించాయి దుప్పులు.

మూడు వందల మగ దుప్పులు. మోకాళ్ళ దాకా మంచు ముసురుకుని ఉండగా కొమ్ములు పైకి తేలి, ఆకు రాలిన అడవి ఒకటి ఉన్నచోటు విడిచి నడిచి వచ్చినట్టుంది. గడ్డి కొరికే సవ్వడి తప్ప మరో చప్పుడు లేదు. పది యుద్ధాలు చూసిన ముసలి సైనికులు కూడా ఈటెలు నేలకు దించి చేతులు జోడించారు.

జోడించవలసిన సందర్భమే. ఆ మూడు వందల్లో ఒకటి దుప్పి కాదు, శిలావతి యువరాజు హేమాంగదుడు.

ఏడు నెలల కిందట మాంత్రికుడు భస్మకేతుడు, వేటకు వచ్చిన యువరాజు మీద మంత్రించిన బూడిద చల్లి అతన్ని దుప్పిగా మార్చేశాడు. రెండు రోజుల కిందట ఈ మందను కోనలోకి తోలుకువచ్చి, మహారాణి వసుంధరాదేవి ఎదుట పందెం చెప్పాడు. మూడు రోజులు, మూడు పూలదండలు. యువరాజు మెడలో దండ పడితే అతను తిరిగి మనిషి అవుతాడు. వేరే దుప్పి మెడలో పడితే వేసినవాడే దుప్పి అయిపోతాడు. మూడో రోజు సూర్యుడు కుంగేలోగా యువరాజు తేలకపోతే సింహాసనం భస్మకేతుడిది, యువరాజు ఎప్పటికీ అడవిది. బిడ్డ వాడి గుప్పిట్లో ఉండగా రాణి ఒప్పుకోక ఏం చేస్తుంది?

ఇక్కడ శిలావతి వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఏటా వసంతంలో వాళ్ళు దుప్పులను ఈ వాకిలి గుండా తోలుతారు. అన్నిటికన్నా ఘనమైన దుప్పిని ఎంచి, రాజు స్వయంగా దాని మెడలో పూలదండ వేస్తాడు. దాని పేరు కోనదొర. ఆ ఏడాది దాని మీద ఎవరూ బాణం వెయ్యకూడదు. 'దొరతనం ఒంట్లోనే తెలుస్తుంది' అని ఆ రాజ్యంలో పసిపిల్లలు కూడా అంటారు. భస్మకేతుడు వల పన్నలేదు, గొయ్యి తవ్వలేదు. ఆ మాటనే ఉచ్చుగా వాడుకున్నాడు.

మొదటి రోజు దండనాయకుడు చండవర్మ మీసం దువ్వుకుంటూ మందలోకి వెళ్ళాడు. అన్నిటికన్నా పెద్ద దుప్పిని చూసి, వీరే మా యువరాజు అని దండ వేశాడు. మరుక్షణం ఆయన కవచం ఖాళీగా గడ్డి మీద పడింది. కొమ్ములింకా మొలవని బోడి దుప్పి ఒకటి అందులోంచి లేచి మందలో కలిసిపోయింది. రెండో రోజైనా తెలివి తెచ్చుకోవద్దా? తెచ్చుకున్నారు. మొదటి పెద్దది కాకపోతే రెండో పెద్దది అయివుంటుందని తేల్చారు.

ఆ తేల్చినవాడు మహామంత్రి త్ర్యంబకుడు. దండ వెయ్యడానికి ఆయన కొమ్ముల కామన్నను పిలిపించాడు. కామన్న అడవిలో రాలిన దుప్పికొమ్ములు ఏరి, కత్తిపిడులు చేసే పనివాళ్ళకు అమ్ముకునే మనిషి. ఒకరోజు గడువిస్తే వాటి ఒళ్ళు చూసి చెబుతాను దొరా, ఆ పెద్దది మాత్రం కాదు అని మొత్తుకున్నాడు. దొరబిడ్డ జాడ నీకు తెలుస్తుందా, నాకు తెలుస్తుందా అని మంత్రి అతని వీపుకు ఈటె ఆనించాడు. బోడి దుప్పులు మందలో రెండయ్యాయి.

ఇవాళ మూడో రోజు. మంత్రిగారి వేలు మూడో పెద్ద దుప్పి మీద ఉంది.

"సందేహం లేదు మహారాణీ. ఆ నడక చూడండి, ఆ మెడ వంపు చూడండి," అన్నాడు ఆయన.

పక్కనే కర్ర ఆన్చుకుని నిలబడ్డ ముసలి గొర్రెలకాపరి తల ఊపాడు. "నిజమే దొరా. నలభై ఏళ్ళుగా నల్లగట్టు మీద గొర్రెలు కాస్తున్నా. ఇలాంటి దుప్పిని చూడలేదు. దొరతనం ఒంట్లోనే తెలుస్తది."

"పెద్దయ్యా," అని వెనక నుంచి ఎవరో పిలిచారు. "ఒక్కసారి నీ మడమ చూపు."

గొంగడి కప్పుకుని, చెవుల మీదుగా తలపాగా చుట్టుకున్న సన్నపాటి మనిషి సైనికుల్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, కాపరి కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ముసలివాడు అడుగు వెనక్కి వేశాడు. అప్పటికే ఆలస్యమైంది. పంచె అంచు కింద మడమ అందరికీ కనబడింది. వెన్నముద్దలా నున్నగా ఉంది.

"నల్లగట్టు రాళ్ళు కత్తుల్లా ఉంటాయి. ఏడాది తిరిగినవాడి మడమే ఎండిన చెరువులా బీటలు వారుతుంది. నలభై ఏళ్ళు తిరిగితే ఇంత మెత్తగా ఎట్టా ఉంది పెద్దయ్యా? నేల అబద్ధం ఆడదు. నువ్వే ఆడుతున్నావు."

కాపరి కళ్ళు నిప్పుకణికల్లా అయ్యాయి. చేతికర్ర బుస్సుమని పొగ కక్కింది. ఆ పొగ సుడులు తిరుగుతూ పైకి లేచి, రాతివాకిలి శిఖరం మీద పెద్ద ఆకారమై కూర్చుంది. నడుముకు పులితోలు, మెడలో ఎముకల హారం, చేతిలో పుర్రె దండం. భస్మకేతుణ్ణి చూసి గుర్రాలు సకిలించాయి. అప్పటిదాకా అతని చేత వంత పాడించుకున్న మంత్రి ముఖం పాలిపోయింది.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు మాంత్రికుడు పైనుంచి.

ఆ మనిషి తలపాగా విప్పాడు. జడ జారి నడుము మీద పడింది. ఆచారం జరిగే చోటికి రాణిని తప్ప వేరే ఆడవాళ్ళను రానివ్వరు కనుక తండ్రి గొంగడిలో వచ్చిన గురివి, కామన్న ఒక్కగానొక్క కూతురు.

"నిన్న మా నాయన్ని మీరు పంపించారు తల్లీ," అంది రాణితో. "ఇయ్యాల నేనే వచ్చా. ఆ దండ నాకియ్యండి. మీ బిడ్డను వెతికి పెడతా. మా నాయన్ని నాకు తెచ్చి పెట్టండి."

మంత్రి ఏదో అనబోయాడు. రాణి చేత్తో ఆయన్ని వారించింది. ఆమె తన చేతుల్లోని మూడో దండ తెచ్చి గురివి చేతిలో పెట్టింది.

"తప్పితే ఏమవుతుందో తెలుసా అమ్మా?"

"తెలుసు తల్లీ. తప్పితే నాయన పక్కన మేస్తుంటా."

గురివి అడిగింది ఒకటే. మందను వాకిలి గుండా ఒక్కొక్కటిగా పంపాలి, సాయంత్రం దాకా ఎవరూ తొందర పెట్టకూడదు. పై నుంచి భస్మకేతుడు విరగబడి నవ్వాడు. "పంపండి, పంపండి. మూడు వందల మెడలూ తడుముకోనీ" అన్నాడు. సైనికులు తాళ్ళు కట్టి సన్నని దారి చేశారు. గురివి స్తంభం మొదట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మొదటి దుప్పి వచ్చింది. గురివి దాని కాళ్ళ వైపు ఒకసారి, నెత్తి వైపు ఒకసారి చూసింది. "ఊబిమడుగు. ఎడమకు తోలండి."

రెండోది వచ్చింది. "నల్లగట్టు. కుడికి."

మూడోది వచ్చింది. మొదటి రోజు దండనాయకుడు పొరపడ్డ మహా దుప్పి అదే. నడుస్తుంటే భూమి అదిరినట్టుంది. వెంట్రుక వెంట్రుకకూ నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. కొమ్ముల నిండా ముత్యాలు అద్దినట్టు బొడిపెలు. "సున్నపులోయ," అంది గురివి దాని ముఖం వైపైనా చూడకుండా. "అట్టా ముందుకు తోలండి."

జాము గడిచేసరికి నవ్వుతూ చూస్తున్నవాళ్ళు నవ్వడం మానేశారు. కుడివైపు చేరిన దుప్పులన్నీ ఒకే తల్లి కన్నట్టున్నాయి. చిన్న ఒళ్ళు, ఇనుపకడ్డీల్లాంటి కాళ్ళు, రాళ్ళకు అరిగి పొట్టివైన గిట్టలు, సన్నగా నల్లగా గట్టిపడ్డ కొమ్ములు. ఎడమవైపు చేరినవి మరో తీరు. పొట్టలు ఉబ్బి ఉన్నాయి, తోలు మాసి ఉంది, అరుగుదల లేక గిట్టలు పడవ కొసల్లా పైకి వంగాయి, కొమ్ములు లావే గానీ బెండు లాగా గుల్ల. ఎదురుగా ఉన్నవి సున్నపులోయ దొరలు. ఇంతసేపూ ఒకటే మంద అనుకున్నది కళ్ళ ముందే మూడు దేశాలుగా విడిపోతుంటే జనం ఊపిరి బిగపట్టి చూశారు. రాణి తన ఆసనం దిగి వచ్చి గురివి పక్కన గడ్డి మీద కూర్చుంది.

"నీకు వీటి పుట్టుక ఎలా తెలుస్తున్నదమ్మా?"

"పుట్టుక కాదు తల్లీ, మేత. సున్నపులోయ మట్టిలో ఉప్పుంది, నీళ్ళలో సున్నముంది. అవి నాకితే ఎముక లావెక్కుతుంది. నల్లగట్టు మీద గడ్డి కంటే ఇసుక ఎక్కువ. ఊబిమడుగులో మేత బోలెడు, సత్తువ సున్న. ఈ నల్లగట్టు బక్కదాన్ని పసికూనప్పుడే సున్నపులోయలో వదిలుంటే అది కూడా ఆ మహారాజు లాగానే ఎదిగేది. మంచి దుప్పి, చెడ్డ దుప్పి అని లేవు. మంచి నేల, చెడ్డ నేల ఉన్నాయి." గురివి మంత్రి వైపు తిరిగింది. "మీరు ఏటా దండ వేస్తున్నది దుప్పికి కాదు దొరా, సున్నపులోయకు."

మహామంత్రి త్ర్యంబకుడు మూడో పెద్ద దుప్పి వైపు చూపిన వేలు మెల్లగా దించుకున్నాడు. ఇది ఆ రాజ్యానికే మంచిది.

మధ్యాహ్నం దాటాక బోడి దుప్పులు రెండూ వచ్చాయి. మొదటిది దారి పొడుగునా గడ్డి పీకి నములుతూ వచ్చింది. దండనాయకులవారికి భోజనం దగ్గర మొహమాటం మొదటి నుంచీ లేదు. రెండోది తల ఎత్తుకుని, నోరు బిగించుకుని వచ్చింది. దాని డొక్కలు లోపలికి పోయాయి. గురివి దాని వైపు చెయ్యి చాచింది.

"నాయనా," అంది మెల్లగా.

దుప్పి ఆగింది. గురివి గుప్పెడు పచ్చగడ్డి పీకి దాని నోటికి అందించింది. అది వాసన చూసి, మూతి పక్కకు తిప్పుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ నోరు తెరవలేదు. ఆకలితో ఉన్న దుప్పి లేత గరికను కాదనడం గురివి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కామన్న పొయ్యి దగ్గర కూర్చుని రోజూ అనే మాట గుర్తుకొచ్చింది: ఏ నేల గడ్డి తింటే ఆ నేల ఒంటికెక్కుతుందే అమ్మీ.

దాంతో అంతా బోధపడింది. మంత్రం తొడిగింది దుప్పి తోలు. దుప్పిని చేసేది గడ్డి. అది తెలిసి తండ్రి నిన్నటి నుంచి పస్తున్నాడు. మరి ఏడు నెలలు మేసిన యువరాజు ఇంకా యువరాజుగా ఎలా మిగిలాడు? ఇప్పుడు ఏ దుప్పి కోసం చూడాలో ఆమెకు తెలిసిపోయింది.

"రానివ్వండి," అని కేక పెట్టింది. "తొందరగా రానివ్వండి."

పొద్దు పడమటి కొండ నెత్తి మీదికి జారింది. దుప్పులు వస్తున్నాయి, విడిపోతున్నాయి. కుడికి, ఎడమకు, ఎదురుగా. యాభై మిగిలాయి, పది మిగిలాయి. చివరికి కోనలో ఒకే ఒక్కటి మిగిలింది. అది కాళ్ళీడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

ఒళ్ళంతా గజ్జి. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. ఒక చెవి చిరిగి వేలాడుతోంది. దాని కొమ్ముల మీది మెత్తని నూగుతోలు చిట్లి, పీలికలై వేలాడుతోంది. కొమ్ము ముదిరి గట్టిపడే వేళకే దుప్పికి ఆ తోలు ఊడుతుంది. సూర్యాస్తమయానికి ఆ చివరి పీలిక కూడా రాలిపోయేటట్టుంది. కొమ్ము పూర్తిగా ముదిరితే లోపలి మనిషి ఇక తిరిగి రాడు; భస్మకేతుడు సాయంత్రం దాకానే గడువు ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసింది.

గురివి లేచి నిలబడింది. తోలు ఊడిన మేరకు ఆ కొమ్మును మొదలు నుంచి కొస దాకా, ఇంటి గోడ మీద రాసిన రాత చదివినట్టు చదివింది.

"అడుగున చూడు తల్లీ. లావుగా ఉంది, గుల్లగా ఉంది. మొదటి నెలలు ఊబిమడుగులో మేసింది. నడుమ చూడు, పుల్లలా సన్నబడి నల్లబడింది. అది నల్లగట్టు. పైన చూడు, మళ్ళీ లావెక్కి ముత్యాలు పోసింది. అది సున్నపులోయ. ఒకే కొమ్ములో మూడు నేలలు."

"అయితే?" అంది రాణి.

"అడవి దుప్పి పుట్టిన చోటు వదలదు తల్లీ. కరువొచ్చినా అక్కడే చస్తుంది గానీ కొండ దాటి పోదు. ఇరవై ఏళ్ళుగా కొమ్ములు ఏరుతున్నాం, మూడు నేలల కొమ్ము నేనూ చూడలేదు, మా నాయనా చూడలేదు. మీ సైన్యం వెతుక్కుంటూ వచ్చినప్పుడల్లా ఎవడో దీన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోలాడు. ఒక నేల ఒంటికెక్కే లోపల ఇంకో నేల. అందుకే ఏ నేలా దీన్ని పూర్తిగా తనది చేసుకోలేకపోయింది."

"ఈ గజ్జి దుప్పి మా హేమాంగదుడా?" అన్నాడు మంత్రి. కానీ ఆ గొంతులో ఈసారి దబాయింపు లేదు. ఏడుపు ఉంది.

శిఖరం మీద నవ్వు ఆగిపోయింది. భస్మకేతుడు దండం ఎత్తి రాతిని ఒక్క దెబ్బ కొట్టాడు. కొండలు రెండూ మార్మోగాయి. విడివిడిగా నిలబడ్డ మూడు మందలూ ఒక్కసారిగా బెదిరి, తాళ్ళు తెంచుకుని, వాకిలి వైపు వరదలా విరుచుకుపడ్డాయి. వాటి వెనక ఆ మహా దుప్పి. దాని కొమ్ముల మధ్య మాంత్రికుడి కన్ను ఎర్రగా వెలుగుతోంది. సైనికులు చెల్లాచెదురయ్యారు. దుమ్ములో యువరాజు ఎక్కడ ఉన్నాడో, రాణి ఎక్కడ ఉందో కనబడలేదు.

గురివి పరుగెత్తలేదు. గొంగడి మడతలోంచి తండ్రి తోలుసంచి లాగి, దుప్పుల్ని దగ్గరికి రప్పించడానికి అతను అందులో ఉంచే ఉప్పురాళ్ళు గుప్పెళ్ళతో ఎదురుగా చల్లింది. ఉప్పు వాసన గాలిలో పాకిందో లేదో, నల్లగట్టు దుప్పులన్నీ ముందుకాళ్ళు తన్ని ఆగాయి. ఊబిమడుగువీ ఆగాయి. జన్మలో ఉప్పు ఎరగని నాలుకలు వాటివి. వాటిని ఏ మంత్రం కదిలిస్తుంది? నేల నాకడానికి రెండు వందల తలలు ఒకేసారి వంగాయి. వెనక వచ్చేవాటికి అది కోటగోడ అయింది. ఉప్పుకు కరువులేని సున్నపులోయ దుప్పులు మాత్రం ఆగలేదు. మహా దుప్పి గోడ మీదుగా దూకింది. గురివి కింద పడి దొర్లింది. దాని గిట్ట ఆమె జడ చివరను నేలలోకి తొక్కి వెళ్ళింది.

ఆమె కళ్ళు తెరిచేసరికి ముఖం మీద వెచ్చని ఊపిరి. గజ్జి దుప్పి ఆమె అరచేతికి అంటిన ఉప్పును నాకుతోంది. దాని కొమ్ము కొసన ఆఖరి తోలుపీలిక గాలికి ఊగుతోంది. పడమట సూర్యుడు గోరంత మిగిలాడు.

గురివి పడుకున్న చోటి నుంచే చేతులెత్తి దండ వేసింది.

మొదట కొమ్ములు రాలాయి. రాతి మీద పడి ఖణేల్‌మన్నాయి. తరవాత తోలు పొగలా విడిపోయింది. దండ మెడలో ఉన్న యువకుడు మోకాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. చిరిగిన చెవి, గజ్జి మచ్చలు, పక్కటెముకలు అన్నీ అలాగే ఉన్నాయి. ఏడు నెలల మూడు నేలలూ ఆ ఒంటి మీద ఉన్నాయి. ఏ పట్టాభిషేకంలోనూ శిలావతి ప్రజలు రాజును అంత భయభక్తులతో చూసి ఉండరు. ఎవరూ చెప్పకుండానే వేలమంది మోకాళ్ళ మీదికి వంగారు. రాణి అతని తల గుండెకు పొదువుకుంది. హేమాంగదుడు మాట్లాడబోయాడు. నోటి నిండా గడ్డి ఉంది. ఉమ్మేసి, బొంగురుగొంతుతో అన్నాడు.

"అమ్మా, మరి నిన్న మందలోకి వచ్చి గడ్డి ముట్టని ఆ పెద్దాయన?"

అందరూ తలలు తిప్పారు. భస్మకేతుడు శిఖరం మీద లేడు. మహా దుప్పి వీపు మీద ఉన్నాడు. అతని దండం వెనక మంద మొత్తం వాకిలి దాటి ఉత్తరంగా పారుతోంది. అందులో బోడి తలలు రెండు.

"పందెంలో నీ బిడ్డను ఇచ్చాను రాణీ," అని అతను కేక పెట్టాడు. "దండ తప్పు వేసినవాళ్ళు నావాళ్ళు. ఈసారి పొరపాటు చెయ్యను. ఊరూరా తిప్పను. కాకోలవాహిని నది అవతల నా దీవిలో ఒకే గడ్డి, ఒకే నేల. ఒక్క కడుపు నిండా మేస్తే చాలు, ఆపైన ఏ దండా పనిచెయ్యదు."

మందలో ఒక తల వెనక్కి తిరిగింది. దాని నోరు ఇంకా బిగించే ఉంది. దుమ్ము కమ్మేసింది.

హేమాంగదుడు ఎవరి గుర్రమో లాక్కుని ఎక్కాడు. కాళ్ళలో సత్తువ లేక ఒకసారి జారి, మళ్ళీ ఎక్కాడు. "గడ్డి అందరం తిన్నాం. తినకుండా ఉండేది ఎంత కష్టమో నాకు తెలుసు," అని గురివికి చెయ్యి అందించాడు. "నీ నాయన ఎన్నాళ్ళు ఆగగలడు?"

"మనిషిగా అయితే మూడు రోజులు. దుప్పి కడుపుతో ఎన్నాళ్ళో తెలవదు దొరా. పదండి."

తెల్లవారేసరికి వాళ్ళు కాకోలవాహిని దాటారు. నది నీళ్ళు నల్లగా, నూనెలా కదలకుండా ఉన్నాయి. అవతలి గట్టున భస్మద్వీపం మొదలైంది. కనుచూపు మేర బూడిదరంగు గడ్డి, అలలు అలలుగా, ఒక్క చెట్టు లేకుండా. గాలి వీస్తే అందులోంచి తేనెపట్టు పిండిన వాసన వచ్చింది. గుర్రం తల వంచబోతే హేమాంగదుడు కళ్ళెం బిగించి పట్టాడు. అతని నోట్లోనూ నీళ్ళూరాయి, ఆ సంగతి అతను దాచుకోలేదు.

మంద వెళ్ళిన బాట స్పష్టంగా ఉంది. వందల గిట్టల జాడలు. బాటకు రెండువైపులా గడ్డి నున్నగా కొరికి ఉంది. పారిపోతూ కూడా ఆ వాసనకు ఆగలేక మేస్తూ వెళ్ళాయి. గురివి గుర్రం దిగి వంగి నడిచింది. కాసేపటికి ఆగి, వేలు పెట్టి చూపించింది. బాట అంచున ఒంటరిగా ఒక జాడ. ఆ జాడ పక్కన ఎంత దూరమైనా గడ్డి నిటారుగా నిలబడి ఉంది. ఒక్క పోచ తెగలేదు. తేనెలాంటి ఆ మేత మధ్య నుంచి, తినకుండా నడిచిన మనిషి దారి అది.

ఇద్దరూ ఆ దారి పట్టుకున్నారు. రెండు గుట్టలు దాటినా గడ్డి చెక్కుచెదరలేదు. మూడో గుట్ట ఎక్కగానే గురివి చటుక్కున ఆగిపోయింది.

అక్కడ జాడలు గజిబిజిగా ఉన్నాయి. దుప్పి నిలబడి, తిరిగి, మళ్ళీ నిలబడ్డ గుర్తులు. వాటి నడుమ ఒక గడ్డి దుబ్బు మొదలంటా కొరికి ఉంది.

గురివి మోకాళ్ళ మీద కూలబడి, చేతులతో ఆ చుట్టుపక్కల నేలంతా తడిమింది. జానెడు దూరంలో ఆమె వేళ్ళకు తడిగా ఏదో తగిలింది. నమిలి ఉమ్మేసిన గడ్డి ముద్ద. అందులో కొరికి తెగిన నాలుక నెత్తురు చారలున్నాయి. ముద్ద ఇంకా వెచ్చగా ఉంది.

గురివి దాన్ని గుప్పిట బిగించి లేచింది.

"మింగలేదు దొరా," అంది. "ఇంకా మా నాయనే."

ఎదురుగా, గుట్ట దిగువన, బూడిద గడ్డిలోంచి వందల కొమ్ములు ఒక్కసారిగా వాళ్ళ వైపు తిరిగాయి.